మానసిక వైద్యానికి ఎక్కడికి వెళ్లాలి? మన ముందున్న దారులు, ఎంచుకునే పద్ధతి

ఇంట్లో ఒకరికి నెలలుగా నిద్ర పట్టడం లేదు. లేదా మనుషులతో మాట్లాడటం మానేశారు. లేదా పక్కింటివాళ్లు తనను చంపడానికి చూస్తున్నారని గట్టిగా నమ్ముతున్నారు. అప్పుడు కుటుంబానికి ఒక్కొక్కరూ ఒక్కో దారి చెబుతారు. ఊళ్లో ఆర్‌ఎంపీకి చూపించమని ఒకరు, టౌన్‌లో నరాల డాక్టరు మంచివాడని ఇంకొకరు, ఎర్రగడ్డకో వైజాగ్‌కో తీసుకెళ్లమని మరొకరు, దర్గాలో మూడు వారాలు నిద్ర చేయించమని మేనత్త. మా ఇంట్లో ఒకరికి చాలా ఏళ్లుగా ఈ మందులు నడుస్తున్నాయి. కాబట్టి ఈ దారుల్లో చాలావాటితో నాకు దగ్గరి పరిచయం ఉంది. ఏది ఎవరికి పనికొస్తుందో, ఎక్కడ ఏం అడగాలో నాకు తెలిసినంతవరకు రాస్తున్నాను.

ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. మొదటిసారి ఎంత పెద్ద డాక్టరుకి చూపించాం అన్నదాని మీద అందరం తల బద్దలు కొట్టుకుంటాం. నేను మాత్రం ఆరో నెలలో కూడా వెళ్లగలిగిన చోటునే ఎంచుకోమంటాను. మానసిక జబ్బుల్లో చాలావాటికి వైద్యం నెలల తరబడి, కొన్నింటికి ఏళ్ల తరబడి సాగుతుంది. బస్సు ఛార్జీ, ఫీజు, మందుల ఖర్చు, తోడు వచ్చేవాళ్ల కూలి పోవడం అన్నీ కలిపి చూస్తే మనం మోయగలమా అన్న లెక్క మొదటి రోజే వేసుకోవాలి.

బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ 2015–16లో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఆ సమయంలో ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేల్చింది. వాళ్లలో వైద్యం అందనివాళ్లు జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం దాకా ఉన్నారు. ఆ 12 రాష్ట్రాల్లో తెలుగు రాష్ట్రాలు రెండూ లేవు. ఇక్కడి పరిస్థితి అంతకంటే గొప్పగా ఉంటుందని అనుకోవడానికి నాకైతే కారణమేమీ కనబడదు. అలాగని వైద్యం అందనివాళ్లంతా ఇంట్లోనే కూర్చున్నారనుకోకండి. చాలామంది డాక్టర్ల చుట్టూ తిరుగుతూనే ఉంటారు, వేరే జబ్బు పేరుతో.

నరాల డాక్టరా, సైకియాట్రిస్టా?

డిప్రెషన్, ఆందోళన మన దగ్గర ఒంటి బాధలాగే బయటపడతాయి. గుండె దడ, గ్యాస్, తల బరువు, ఒళ్లంతా మంటలు, అరికాళ్ల తిమ్మిర్లు, "నరాల బలహీనత". దడ వచ్చిన మనిషి గుండె డాక్టరు దగ్గరికే వెళ్తాడు, అందులో తప్పేం లేదు. ఈసీజీ, టూడీ ఎకో బాగానే ఉన్నాయని చెబుతారు. తర్వాత కడుపు డాక్టరు దగ్గర ఎండోస్కోపీ, ఆ తర్వాత తలనొప్పికి స్కానింగ్. రిపోర్టులతో ప్లాస్టిక్ కవరు నిండుతుంది, అప్పు పెరుగుతుంది, మనిషి మాత్రం అలాగే ఉంటాడు. చివరికి "నీకేం లేదు, అంతా నీ భ్రమ" అని ఇంటివాళ్లే విసుక్కుంటారు. ఆ మనిషికి ఉన్నది నిజమైన బాధే, వెళ్లిన చోటు దానిది కాదు.

పరీక్షలు అసలు వద్దని నేను అనను. థైరాయిడ్ తేడా, రక్తహీనత, బీ12 లోపం కూడా ఇలాంటి నీరసాన్నీ దిగులునీ తెస్తాయి. ఒకసారి అవి చూపించుకోండి. ఆ రిపోర్టులు సరిగ్గా ఉండి, నిద్ర, ఆకలి, పని మీద ధ్యాస మాత్రం వారాల తరబడి చెడిపోయి ఉంటే, తర్వాత వెళ్లాల్సింది ఇంకో స్కానింగ్ సెంటరుకి కాదు, సైకియాట్రిస్టు దగ్గరికి.

న్యూరాలజిస్టు దగ్గరికి చాలామంది వెళ్లేది పేరు కోసం. "నరాల డాక్టరు" అంటే పెళ్లి సంబంధాలకు ఇబ్బంది ఉండదని. ఫిట్స్, పక్షవాతం, చేతుల వణుకు, అరవై దాటాక కొత్తగా మొదలైన మతిమరుపు ఉంటే న్యూరాలజిస్టే సరైన మనిషి. చెవిలో మాటలు వినిపించడం, అనుమానాలు, చచ్చిపోవాలనిపించడం, చేతులు పదేపదే కడుక్కోవడం లాంటివైతే సైకియాట్రిస్టే చూడాలి. కుటుంబం వెళ్లగలిగింది న్యూరాలజిస్టు దాకే అయితే అక్కడికే వెళ్లండి. కానీ అన్ని లక్షణాలూ దాచకుండా చెప్పి, సైకియాట్రిస్టుకి రాసిమ్మని మీరే అడగండి.

నాకు బాగా భయమేసే దారి ఇంకొకటి ఉంది. నిద్ర పట్టడం లేదంటే ఆర్‌ఎంపీనో మందుల షాపువాడో ఇచ్చే అల్ప్రాజోలం. మొదటి రాత్రి హాయిగా నిద్ర పడుతుంది. నెలలు వాడాక ఒంటికి అలవాటవుతుంది, ఒక్కసారిగా ఆపితే వణుకు, ఫిట్స్ దాకా పోవచ్చు. 2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు, అందులో కలిపే ఈ రకం మందులు ఒంటికి అందక వందల మంది వింత ప్రవర్తనతో ఆసుపత్రుల పాలయ్యారు. ఇప్పటికే వాడుతుంటే సొంతంగా ఆపకండి. డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించాలి.

సైకియాట్రిస్టు, సైకాలజిస్టు, కౌన్సెలర్

సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ చదివి, ఆపైన మానసిక వైద్యంలో ఎండీ, డీఎన్‌బీ లేదా డీపీఎం చేసినవారు. మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, మాటల ద్వారా చేసే థెరపీ, మానసిక పరీక్షలు వాళ్ల పని. వాళ్లకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి, దాన్ని ఆర్‌సీఐ నంబరు అంటారు. అడిగితే నంబరు చెప్పాలి, చెప్పనివాళ్ల దగ్గర నేనైతే కూర్చోను. ఇక కౌన్సెలర్ అని ఎవరైనా బోర్డు పెట్టుకోగలిగిన పరిస్థితి మన దేశంలో ఇంకా ఉంది. రెండు వారాల ఆన్‌లైన్ కోర్సు చేసినవాళ్లూ, ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లూ ఒకే పేరుతో కనిపిస్తారు.

స్కిజోఫ్రీనియా (లేని మాటలు వినిపించడం, గట్టి అనుమానాలు), బైపోలార్ (కొన్నాళ్లు అతి ఉత్సాహం, కొన్నాళ్లు తీవ్రమైన దిగులు) లాంటి తీవ్రమైన జబ్బులకు ముందు సైకియాట్రిస్టు, మనిషి కొంత కుదుటపడ్డాక సైకాలజిస్టు. ఒక మోస్తరు డిప్రెషన్, భయాలు, పరీక్షల టెన్షన్, భార్యాభర్తల మధ్య గొడవలకు సైకాలజిస్టుతో మొదలుపెట్టవచ్చు. ఓసీడీకి, అంటే చేతులు పదేపదే కడుక్కోవడం లాంటి జబ్బుకు, చాలాసార్లు ఇద్దరూ కావాలి. థెరపీ వారానికోసారి నెలల తరబడి సాగుతుంది, ఒక్కో సిట్టింగ్‌కి వెయ్యి రూపాయలు, నగరంలో అంతకన్నా ఎక్కువే అవుతుంది. తెలుగులో చేసేవాళ్లు జిల్లాల్లో చాలా తక్కువ. ఎంత ఇంగ్లిష్ వచ్చినా లోపలి బాధ చెప్పుకోవడానికి మన భాష కావాలి. హైదరాబాద్‌లో కూడా థెరపిస్టుని తెలుగు వచ్చా అని ముందే అడగండి. బయటి దేశాల్లో ఉన్న మన పిల్లలు తెలుగు సైకాలజిస్టుతో వీడియోలో మాట్లాడుతున్నారంటే కారణం ఇదే. అయితే అమెరికాలో ఉన్న పిల్లలకు ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఇండియా ఫోన్ నంబరు పనికిరాదు. అక్కడ 988కి చేయాలని వాళ్లకు ముందే చెప్పి ఉంచండి.

ప్రభుత్వ ఓపీ, ప్రైవేటు క్లినిక్

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగాలి. చాలా కుటుంబాల నిర్ణయం ఈ రెండింటి మధ్యే ఉంటుంది.

జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో మొదలైంది. దాని కింద జిల్లా ఆసుపత్రుల్లో మానసిక విభాగం ఓపీ నడుస్తుంది, ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో సైకియాట్రీ విభాగమే ఉంటుంది. కొత్తగా వచ్చిన కాలేజీల వల్ల ఇప్పుడు చాలామందికి ఇది సొంత జిల్లాలోనే దొరుకుతోంది. ఈ సంగతి తెలియక హైదరాబాద్ బస్సెక్కేవాళ్లు ఎంతమందో. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం కమ్యూనిటీ హెల్త్ సెంటర్ స్థాయి నుంచి పై ఆసుపత్రుల దాకా, అత్యవసర మందుల జాబితాలో ఉన్న మానసిక మందులు ఉచితంగా ఇవ్వాలి.

ఆచరణలో ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. పొద్దున ఎనిమిదింటికే ఓపీ చీటీ లైను. కొన్నిచోట్ల మానసిక డాక్టరు వారంలో కొన్ని రోజులే ఉంటారు, ఏ రోజో ముందే కనుక్కోకపోతే ఛార్జీలు దండగ. డాక్టరు దగ్గర దొరికేది ఐదు నిమిషాలు. చుట్టూ నలుగురు నిలబడి ఉండగా మన ఇంటి సంగతులు చెప్పాలి. మందుల కౌంటర్‌లో ఒక్కోసారి రాసిన నాలుగింట్లో రెండే ఉంటాయి, మిగతావి బయట కొనుక్కోమంటారు. ఆ బయట కొనేవాటికి జన్ ఔషధి షాపుకి, అంటే కేంద్ర ప్రభుత్వ పథకం కింద నడిచే చౌక మందుల షాపుకి వెళ్లండి. ఓలాంజపిన్, రిస్పెరిడోన్, ఎస్సిటాలోప్రామ్ లాంటివి అక్కడ కంపెనీ ధరలో కొంత భాగానికే వస్తాయి.

ప్రైవేటు క్లినిక్‌లో టైము దొరుకుతుంది, తలుపు వేసి మాట్లాడతారు, ఫోన్ చేస్తే పలికేవాళ్లూ ఉంటారు. మొదటి పరీక్షకు అది చాలా విలువైనది. ఎందుకంటే ఈ జబ్బుల్ని తేల్చడానికి ఎక్స్‌రే లేదు, మాటల్లోంచే పట్టుకోవాలి. ఖర్చు మాత్రం కొనసాగుతూనే ఉంటుంది. ఫీజు ఒక్కటే చూసుకుని నాలుగో నెలకి చేతులెత్తేసిన కుటుంబాలు నాకు తెలుసు. మందు మానేస్తే జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువ, అప్పుడు అయ్యే ఖర్చు ఇంకా పెద్దది.

ఆదాయం అంతంతమాత్రంగా ఉన్న ఇంటికి నేను చెప్పే సలహా ఇదీ: స్తోమత ఉంటే మొదటి ఒకటి రెండు సార్లు ప్రైవేటులో తీరిగ్గా చూపించుకోండి. జబ్బు పేరు, మందుల పేర్లు స్పష్టంగా రాయించుకోండి. ఆ కాగితంతో జిల్లా ఆసుపత్రి ఓపీలో కొనసాగించండి. సంకోచించకుండా డాక్టరుకే చెప్పండి, "సార్, ఎక్కువ రోజులు మీ దగ్గరికి రాలేం, ప్రభుత్వాసుపత్రిలో దొరికే మందులే రాయండి" అని. చాలామంది అర్థం చేసుకుంటారు.

ఐదు నిమిషాలే దొరికే చోట ఇంటి నుంచే ఒక కాగితం రాసుకెళ్లడం బాగా పనిచేస్తుంది. మేం రాసేది ఇలా ఉంటుంది: ఎప్పటి నుంచి, ఎన్ని గంటలకు పడుకుని ఎన్నింటికి లేస్తున్నారు, తిండి ఎలా ఉంది, పనికి వెళ్తున్నారా, వింత మాటలు ఏమైనా ఉంటే అన్నవి అన్నట్టే, చావు మాటలు వచ్చాయా, మందు ఏ రోజుల్లో మానేశారు, రక్తసంబంధీకుల్లో ఎవరికైనా ఉందా, తాగుడు ఉందా. మందులు ఖాళీ స్ట్రిప్పులతో సహా తీసుకెళ్తాం. ఆ చిన్న కాగితం చూశాక డాక్టరు అడిగే ప్రశ్నలే మారిపోతాయి.

ఎక్కడ చూపించినా ఒకటి అడిగి తెలుసుకోండి: ఈ మందు పనిచేయడానికి ఎన్నాళ్లు పడుతుంది? డిప్రెషన్ మందులకు రెండు నుంచి నాలుగు వారాలు పట్టడం మామూలే. వికారం, మత్తు లాంటి ఇబ్బందులు మాత్రం మొదటి వారంలోనే వస్తాయి. ఇది ముందే తెలియకపోతే పదో రోజున "ఈ డాక్టరు పనికిరాడు" అని ఇంకొకరి దగ్గరికి పోతాం, అక్కడ మళ్లీ మొదటి నుంచి. తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు వాడమంటారు. డాక్టరు మాట నచ్చకపోతే రెండో అభిప్రాయం తీసుకోండి, తప్పులేదు, కానీ పాత కాగితాలు పట్టుకెళ్లండి.

అడ్మిట్ చేయాల్సి వస్తే

ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల మన రెండు రాష్ట్రాలకూ పెద్ద ఆధారాలు. ఈ పేర్లను తిట్లుగా వాడి వాడి, అక్కడికి వెళ్లాల్సినవాళ్లను కూడా మనమే ఆపేశాం. అనంతపురం, చిత్తూరు వైపు వాళ్లకు బెంగళూరు నిమ్‌హాన్స్ దగ్గర. జబ్బేమిటో తేలనప్పుడు, రెండు మూడు మందులు వాడినా లొంగనప్పుడు, క్లోజపిన్ లాంటి, తరచూ రక్తపరీక్షలు కావాల్సిన మందు మొదలుపెట్టాల్సినప్పుడు అక్కడికి వెళ్లడం సబబు. ప్రతి నెలా మందుల కోసమే వెళ్లడానికి మాత్రం అది దూరం. వాళ్లు రాసిచ్చిన కాగితంతో సొంత జిల్లాలోనే కొనసాగించమని నా సలహా.

మనిషి ఒప్పుకుంటే అతనే సంతకం పెట్టి చేరవచ్చు, వెళ్లిపోతానని అడగవచ్చు. ఒప్పుకోని స్థితిలో, తనకో ఇతరులకో ప్రమాదం ఉన్నప్పుడు లేదా తనను తాను చూసుకోలేనప్పుడు, 2017 చట్టంలోని 89వ సెక్షన్ కింద అతని నామినేటెడ్ ప్రతినిధి (తన తరఫున మాట్లాడటానికి అతను ముందే ఎంచుకున్న మనిషి, లేకపోతే బంధువు) దరఖాస్తుతో చేర్చుకుంటారు. ఇద్దరు నిపుణులు విడివిడిగా చూడాలి, వారిలో ఒకరు సైకియాట్రిస్టు అయి ఉండాలి. ఇది 30 రోజుల దాకానే. గొలుసులతో కట్టడం నిషేధం. మత్తు ఇవ్వకుండా కరెంటు ట్రీట్‌మెంట్ చేయడం కూడా నిషేధం. మత్తు ఇచ్చి చేసే కరెంటు ట్రీట్‌మెంట్ (ఈసీటీ) తీవ్రమైన డిప్రెషన్‌లో ప్రాణాలు నిలబెడుతుంది, పేరు విని పారిపోకండి.

తాగుడు మాన్పించే ప్రైవేటు సెంటర్ల విషయంలో జాగ్రత్త. ఇంటికి మనుషుల్ని పంపి బలవంతంగా ఎత్తుకెళ్లేవి, ఫోన్ కూడా మాట్లాడనివ్వనివి ఉన్నాయి. రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ దగ్గర రిజిస్ట్రేషన్ ఉందా, సైకియాట్రిస్టు రోజూ వస్తారా, మనం వెళ్లి చూడవచ్చా అని అడగండి. మూడింట్లో ఏ ఒక్కదానికి జవాబు తడబడినా వద్దు. ప్రభుత్వ సెంటర్ల వివరాలకు 14446కి ఫోన్ చేయవచ్చు.

ఫోన్, వీడియో

ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 2022 అక్టోబరు 10న మొదలైంది. నంబరు 14416. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఎవరికీ తెలియకుండా మొదటి మాట మాట్లాడాలనుకునేవాళ్లకు, రాత్రి రెండింటికి ఏం చేయాలో తోచని అమ్మకు, హాస్టల్లో ఉన్న విద్యార్థికి ఇంతకంటే దగ్గరి దారి లేదు. దగ్గర్లో ఏ ఆసుపత్రికి వెళ్లాలో కూడా చెబుతారు. నెలల తరబడి మందులతో నడవాల్సిన జబ్బుకు ఇది మొదటి మెట్టు మాత్రమే. వీడియో కన్సల్టేషన్ అయితే ఒకసారి నేరుగా చూపించుకున్నాక ఫాలోఅప్‌కి బాగుంటుంది, ఒక రోజు కూలి మిగులుతుంది. అనుమానాలతో రగిలిపోతున్న మనిషిని మొదటిసారే స్క్రీన్ ముందు కూర్చోబెట్టడం నాకు సరికాదనిపిస్తుంది.

గుడి, దర్గా, చర్చి

గాలి సోకిందనో చేతబడి జరిగిందనో అనుకునే కుటుంబాన్ని ఎగతాళి చేస్తే వాళ్లు డాక్టరుకి ఇంకా దూరమవుతారు. దర్గాలో దొరికే ఓదార్పు నిజమైనదే, అక్కడ ఎవరూ ఆ మనిషిని వింతగా చూడరు. కానీ 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, ఒక ప్రైవేటు ఆశ్రమంలో మంటలు లేచినప్పుడు గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది రోగులు కదలలేక కాలిపోయారు. గుజరాత్‌లోని ఉనావాలో మీరా దాతార్ దర్గా దగ్గర ప్రార్థనతోపాటు మందులూ ఇచ్చే 'దవా–దువా' కార్యక్రమం నడిచింది. ఆ పద్ధతి నాకు నచ్చుతుంది. మొక్కు తీర్చుకోండి, మందు మానకండి. కట్టేసే చోట, కొట్టే చోట, ఉపవాసం పేరుతో తిండి మాన్పించే చోట, మందులు పారేయమనే చోట ఒక్క పూట కూడా ఉంచకండి.

ప్రాణం మీదికి వచ్చినప్పుడు

పైన చెప్పిన పోలికలేవీ ఇక్కడ పనికిరావు. పురుగుమందు తాగినా, మాత్రలు మింగినా 108కి ఫోన్ చేసి దగ్గర్లోని జనరల్ ఆసుపత్రి క్యాజువాలిటీకే వెళ్లాలి, మానసిక ఆసుపత్రికి కాదు. తాగిన మందు డబ్బా వెంట తీసుకెళ్లండి. పోలీసు కేసు భయంతో ఆలస్యం చేయవద్దు. 2017 చట్టంలోని 115వ సెక్షన్ ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలంటుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309 సెక్షనే లేదు. ప్రాణం నిలిచాక డిశ్చార్జి అయ్యేలోపే సైకియాట్రిస్టుకి చూపించమని అడగండి. ఇంటికొచ్చిన మొదటి వారాలే ఎక్కువ ప్రమాదం.

బీమా, పింఛను

మానసిక జబ్బులకు ఒంటి జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం 21వ సెక్షన్ చెబుతుంది. 2022 అక్టోబరు 31 లోపు అన్ని పాలసీల్లో అమలు చేయాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కంపెనీలను ఆదేశించింది. కాకపోతే చాలా పాలసీలు అడ్మిషన్‌కే డబ్బిస్తాయి, మన ఖర్చేమో ఎక్కువగా ఓపీలోనూ మందుల్లోనూ ఉంటుంది. పాలసీ తీసుకునే ముందు ఓపీ సంగతి అడగండి. జబ్బు ఉన్న సంగతి దాచి పాలసీ తీసుకోకండి, క్లెయిమ్ దగ్గర తిప్పికొడతారు.

ఏళ్లుగా పనిచేసుకోలేని స్థితిలో ఉంటే 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద మానసిక అనారోగ్యం కూడా వస్తుంది. వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్నట్టు సదరం సర్టిఫికెట్ వస్తే పింఛనుకు దరఖాస్తు చేసుకోవచ్చు. పాత ఓపీ చీటీలన్నీ జాగ్రత్తగా దాచింది ఇక్కడ అక్కరకొస్తుంది.

ఒంటి జబ్బుకు వెళ్లినప్పుడు

ఈ భాగాన్ని చాలామంది పట్టించుకోరు. తీవ్రమైన మానసిక జబ్బున్నవాళ్లు మిగతావాళ్లకంటే 10 నుంచి 20 ఏళ్లు ముందే చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అందులో ఎక్కువ భాగం గుండె జబ్బు, షుగరు లాంటి ఒంటి జబ్బుల వల్లే. అతను ఛాతీలో నొప్పి అంటే "ఎప్పుడూ ఏదో ఒకటి అంటాడులే" అని ఇంట్లో అనుకుంటాం. ఆసుపత్రిలో పాత చీటీ చూసి "మానసికం" అని పక్కన పెడతారు. మీరు పక్కనుండి ఈసీజీ తీయమని గట్టిగా అడగండి.

కాబట్టి మానసిక వైద్యానికి చోటు ఎంచుకునేటప్పుడు బరువు, బీపీ, షుగరు చూసే అలవాటు అక్కడ ఉందో లేదో గమనించండి. ఓలాంజపిన్ వాడితే బరువు, షుగరు పెరగవచ్చు. బైపోలార్‌కి ఇచ్చే లిథియం వాడేవాళ్లకు రక్తంలో దాని మోతాదు, థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు మధ్యమధ్యలో తప్పనిసరి. ఎండాకాలంలో వాంతులు, విరేచనాలు పట్టుకుంటే లిథియం రక్తంలో ప్రమాదకరంగా పెరుగుతుంది. ఒళ్లు నొప్పులకని కొనే డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ కూడా దాన్ని పెంచుతాయి. వాటి బదులు పారాసిటమాల్ మేలు. క్లోజపిన్ వాడేవాళ్లకు జ్వరం, గొంతు నొప్పి వస్తే వెంటనే రక్తపరీక్ష చేయించాలి. గర్భం ఆలోచన ఉన్న ఆడపిల్ల వాల్ప్రోయేట్ (బైపోలార్‌కి, ఫిట్స్‌కి ఇచ్చే మందు) వాడుతుంటే ముందే డాక్టరుతో మాట్లాడాలి, కడుపులో బిడ్డకు అది మంచిది కాదు.

పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లినా, జ్వరానికి వెళ్లినా, వాడుతున్న మందుల పేర్లు, మోతాదు ఒక చీటీ మీద రాసి జేబులో పెట్టి పంపండి. సిగ్గుపడి చెప్పకుండా వస్తాడేమోనని అనుమానం ఉంటే, మీరే తోడు వెళ్లి ఆ చీటీ డాక్టరు చేతికివ్వండి.